ముప్పై ఏడు రకాల టీ: రుచి చూసి, పేరు పేరునా రాసిపెట్టుకోవడం ఎలా

మా అమ్మ వంటింట్లో టీకి ఒకటే డబ్బా ఉండేది. అందులో పొడి అయిపోతే ఇంకో పావుకిలో ప్యాకెట్ వచ్చేది, అంతే. నా వంటింట్లో పోయిన సంక్రాంతికి లెక్కపెడితే ముప్పై ఏడు రకాలు తేలాయి. ఊటీలో కొన్న చాక్లెట్ టీ, దీపావళికి ఆఫీసులో ఇచ్చిన గిఫ్ట్ పెట్టె, అమెరికా నుంచి వచ్చిన ప్రతి చుట్టమూ సూట్‌కేసులోంచి తీసిచ్చిన టీ బ్యాగులు. సగం డబ్బాలు ఎప్పుడు తెరిచానో తెలీదు. కొన్నిటి పేరు చదివినా రుచి గుర్తుకు రాదు. ఇంతా చేసి ఇంట్లో అందరం రోజూ తాగేది అల్లం దంచి వేసిన పాల టీనే.

మీ అల్మరా కూడా ఇలాగే ఉంటే ఈ పద్ధతి పనికొస్తుంది. ఒక్కరోజులో అయ్యే పని కాదు. పూటకు నాలుగు టీల చొప్పున నాకు పది ఆదివారాలు పట్టింది.

1. అన్నిటినీ బయటికి తీయండి

భోజనాల బల్ల మీద పరవండి. ఆఫీసు డ్రాయర్లో ఉన్నవి, హోటల్ గదుల నుంచి జేబులో వేసుకొచ్చినవి కూడా తేవాలి. గడువు తేదీ దాటిందని వెంటనే పారేయకండి. పొడిగా ఉన్న టీ ఆకు సాధారణంగా చెడిపోదు, చప్పబడిపోతుంది. అయితే ముక్కవాసన, బూజు వాసన వస్తే మాత్రం చెత్తబుట్టలోకే. ఎండుపండ్ల ముక్కలు, బాదం, చాక్లెట్ కలిసినవి తొందరగా పాడవుతాయి కాబట్టి వాటి విషయంలో తేదీనే నమ్మండి.

2. డబ్బా వెనక చదవండి

ముందువైపు బొమ్మ చూసి మోసపోవద్దు. స్ట్రాబెర్రీ బొమ్మ ఉన్న పెట్టె వెనక్కి తిప్పితే, మొదట ఆపిల్ ముక్కలు, తర్వాత హైబిస్కస్, ఎక్కడో చివర స్ట్రాబెర్రీ ఫ్లేవర్ కనిపించడం మామూలే. ఎక్కువ బరువున్న పదార్థం ముందు, తక్కువది తర్వాత రాస్తారు. కాబట్టి మొదటి రెండు పేర్లే మీరు అసలు తాగుతున్నవి.

వెనక చదివి మూడు సంగతులు తేల్చుకోవాలి.

ఒకటి, అసలు అది టీయేనా? గ్రీన్, ఊలాంగ్, బ్లాక్ అన్నీ ఒకే తేయాకు మొక్క నుంచి వస్తాయి. ఆకు కోసిన వెంటనే వేడి తగిలిస్తే గ్రీన్ టీ, కొంత మాగనిచ్చి ఆపితే ఊలాంగ్, పూర్తిగా మాగనిస్తే బ్లాక్. చామొమైల్ పూలు, పుదీనా, నిమ్మగడ్డి, దక్షిణాఫ్రికా నుంచి వచ్చే రూయిబోస్ వంటివాటిలో తేయాకు ఉండదు. వాటికి పుస్తకంలో వేరే భాగం పెట్టండి. ఇక్కడే ఇంకో చిక్కుంది. మన ఇళ్లలో ‘బ్లాక్ టీ’ అంటే పాలు పోయనిది. డబ్బా మీద ‘బ్లాక్ టీ’ అంటే ఆకు రకం. నేను ‘బ్లాక్ ఆకు’ అని రాసుకుంటాను, లేకపోతే ఇంట్లో ఇంకొకరు చదివినప్పుడు గందరగోళం.

రెండు, ఆ వాసన ఆకులోకి ఎలా వచ్చింది? కొన్నిటికి పూలతో పట్టిస్తారు. చైనాలోని ఫూజియన్ ప్రాంతపు మల్లె టీ అలాంటిదే. అది మన గుండుమల్లె జాతి పువ్వే. పగటిపూట మొగ్గలు కోసి, సాయంత్రం అవి విచ్చుకునే వేళకు గ్రీన్ టీ ఆకుతో కలిపి రాత్రంతా ఉంచుతారు. పొద్దున పూలు తీసేసి, ఆకు ఆరబెట్టి, మళ్లీ కొత్త మొగ్గలతో అదే పని చేస్తారు. మంచి రకానికి ఇలా ఎన్నోసార్లు చేస్తారు. సాయంత్రం మూర మల్లెలు కొని ఇంటికి తెచ్చేసరికి గదంతా గుప్పుమనడం చూసినవాళ్లకి ఇందులో కిటుకు వేరే చెప్పక్కర్లేదు. పూల పని అయిపోయాక తీసేస్తారు కాబట్టి, డబ్బాలో ఎండురేకులు ఎక్కువ కనిపిస్తే మంచి టీ అనుకోకండి. చాలాసార్లు అవి అందానికి వేసినవే.

ఇంకొన్నిటికి నూనె పట్టిస్తారు. ఎర్ల్ గ్రేలో వాసన బెర్గమోట్ అనే పులుపు పండు తొక్క నూనెది. ఆ పండు ఎక్కువగా ఇటలీలోని కలాబ్రియాలో పండుతుంది. 1830 నుంచి 1834 దాకా బ్రిటన్ ప్రధానిగా ఉన్న ఎర్ల్ గ్రే పేరే ఆ టీకి అంటుకుంది. పొగ పట్టించేవి ఉన్నాయి. ఫూజియన్‌లోనే వూయీ కొండల లాప్సాంగ్ సూచాంగ్‌ను పైన్ కట్టెల పొగలో ఆరబెడతారు. కశ్మీరీ కహ్వాలాగా ఏలకులు, దాల్చినచెక్క, కుంకుమపువ్వు నేరుగా కలిపేవి మరికొన్ని.

మూడు, ఆ ఫ్లేవర్ సహజమా, కృత్రిమమా? లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. తీర్పు తర్వాత చెప్పొచ్చు.

హైబిస్కస్ గురించి ఒక మాట. పేరు చూసి మందారం అనుకుంటారు. కానీ టీలో వేసేది గోంగూర మొక్కది, తెలంగాణలో పుంటికూర అంటామే, దానిది. పువ్వు రాలాక కాయ చుట్టూ దళసరిగా పెరిగే ఎర్రటి రక్షక పత్రాలను ఎండబెట్టి వాడతారు. ఆ పులుపు ఎక్కడో తాగినట్టు కాదు, తిన్నట్టు అనిపించడానికి కారణం అదే.

3. నంబర్లు వేయండి

చిన్న స్టిక్కర్ మీద నంబరు, తెరిచిన తేదీ. తేదీ గుర్తు లేకపోతే ‘పాతది’ అని రాయండి. ఒక టీ అయిపోయినా దాని నంబరు ఇంకోదానికి ఇవ్వకూడదు. రెండేళ్ల తర్వాత వెతుక్కునేటప్పుడు దీని విలువ తెలుస్తుంది.

4. సామాను

గ్రాముల్లో తూచే చిన్న డిజిటల్ కాటా కొనండి. మిగతావన్నీ ఇంట్లో ఉన్నవే: లోపల తెల్లగా ఉండే ఒకే సైజు కప్పులు నాలుగు, సన్నని జాలి, ఫోన్లో టైమర్. స్టీలు గ్లాసులో రంగు కనబడదు కాబట్టి ఈ పనికి వద్దు.

కాటా ఎందుకంటే, స్పూను కొలత నమ్మదగ్గది కాదు. ఒక స్పూను సీటీసీ పొడి (ఇళ్లలో పాల టీకి వాడే గుళికల్లాంటి పొడి) బరువుగా ఉంటుంది, ఒక స్పూను పెద్దాకు టీ పీచుమిఠాయిలా తేలిగ్గా ఉంటుంది. టీని పోల్చి చూడడానికి 1980లో వచ్చిన ఐఎస్ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణంలో 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్లకు 2 గ్రాముల ఆకు వేసి 6 నిమిషాలు ఉంచమంటారు. అది కమ్మటి టీకి కొలత కాదు, రెండు టీల తేడా పట్టుకోవడానికి పెట్టిన కొలత. అందులోంచి మనం 2 గ్రాములు, 100 మిల్లీలీటర్లు తీసుకుందాం. 6 నిమిషాలు వదిలేద్దాం. అంతసేపు ఉంచితే గ్రీన్ టీ కషాయమే.

నా లెక్క ఇది: బ్లాక్ ఆకుకు మరిగే నీళ్లు, 3 నిమిషాలు. సీటీసీ అయితే 2 నిమిషాలు చాలు, అది పాలకోసం పుట్టిన పొడి, ఉత్త నీళ్లలో విరుచుకుపడుతుంది. ఊలాంగ్‌కు 90 డిగ్రీల నీళ్లు, 3 నిమిషాలు. గ్రీన్‌కు 75 నుంచి 80 డిగ్రీలు, 2 నిమిషాలు. తేయాకు లేనివాటికి మరిగే నీళ్లు, 5 నిమిషాలకు తక్కువ కాకుండా. థర్మామీటర్ లేకపోతే మూడు వంతుల మరిగే నీళ్లలో ఒక వంతు మామూలు నీళ్లు కలపండి, సుమారు 80 డిగ్రీలకు దిగుతుంది. ‘గ్రీన్ టీ చేదు, నాకు పడదు’ అనేవాళ్లలో చాలామంది సలసల కాగే నీళ్లు పోసి మరిచిపోయినవాళ్లే.

నీళ్ల సంగతి కూడా చూసుకోండి. బోరు నీళ్లతో చేస్తే పైన సన్నని తెట్టు కడుతుంది, రంగు నల్లబడుతుంది, సున్నితమైన వాసనలు మందగిస్తాయి. రుచి చూసినన్నాళ్లూ ఒకే ఫిల్టర్ నీళ్లు వాడండి.

5. ఏ వేళ, ఏ వరుసలో

టిఫిన్ తిన్న గంటన్నర తర్వాత కూర్చోవడం మంచిది. పరగడుపున గ్రీన్ టీ తాగితే కొందరికి కడుపులో తిప్పుతుంది. టిఫిన్‌లో అల్లం పచ్చడి, కారప్పొడి ఉంటే ఆ రోజుకు మానేయండి. అగరొత్తులు, పోపు వాసన, సెంటు ఏవీ ఉండకూడదు. మా ఇంట్లో ఆదివారం పదకొండింటికి పొరుగువాళ్ల బిర్యానీ మసాలా వాసన మొదలవుతుంది కాబట్టి నేను పదిన్నరకే ముగించేదాన్ని.

పూటకు నాలుగు రకాలకు మించొద్దు. మెత్తటివి ముందు, గట్టివి తర్వాత: పూల వాసన గ్రీన్ టీలు, ఊలాంగ్, పండ్ల ఫ్లేవర్ బ్లాక్ టీలు, మసాలా టీలు. పుదీనాకు, పొగ టీకి విడిగా ఒక రోజు పెట్టండి. అవి తాగాక గంటసేపు నాలుకకు ఇంకేమీ ఎక్కదు. మధ్యమధ్య గోరువెచ్చని నీళ్లు, నాలుగు మరమరాలు. ఉస్మానియా బిస్కెట్ మీద చెయ్యి వెళ్తుంది, ఆపుకోండి. ఆ ఉప్పూ తీపీ తగిలాక ఏ టీ అయినా బాగానే ఉంటుంది.

నిద్ర తొందరగా చెదిరేవాళ్లయితే గుటక వేయకుండా ఉమ్మేయండి. టీ రుచి చూడడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లు చేసేదీ అదే.

6. పక్కన ఒక సాదా కప్పు పెట్టుకోండి

ఎవరూ చెప్పకపోతే నేనూ చేసేదాన్ని కాదు కానీ, మొత్తం పద్ధతిలో ఎక్కువ నేర్పింది ఇదే. ఎర్ల్ గ్రే చూసే రోజు పక్కన ఏ ఫ్లేవరూ లేని నీలగిరి టీనో డార్జీలింగో ఒక కప్పు పెట్టండి. మల్లె టీ పక్కన సాదా గ్రీన్ టీ. ముందు సాదాది తాగితే ఆకు తనంతట తానుగా ఏం ఇస్తుందో తెలుస్తుంది. తర్వాత రెండోదాంట్లో పైన చల్లింది ఏమిటో దానంతటదే విడిపోతుంది. నా దగ్గరున్న ఖరీదైన క్యారమెల్ టీ ఒకటి ఈ పరీక్షలో దొరికిపోయింది. క్యారమెల్ తీసేస్తే కింద ఉన్నది దుమ్ములాంటి చప్పటి ఆకు.

7. ఇప్పుడు తాగండి

పొడి ఆకును గుప్పిట్లో పట్టుకుని, నోటితో వెచ్చటి ఊపిరి వదిలి, వాసన చూడండి. నీళ్లు పోసి వడకట్టాక తడి ఆకును మళ్లీ చూడండి. ఈ రెండింటికీ మధ్య చాలా తేడా ఉంటుంది. పైపైన నూనె చల్లిన టీ పొడిగా ఉన్నప్పుడు ఘుమఘుమలాడి, తడిశాక నీరసపడడం నేను చాలాసార్లు చూశాను.

తర్వాత స్పూనుతో తీసుకుని సర్రుమని జుర్రండి. చిన్నప్పుడు ఇలా తాగితే మొట్టికాయ పడేది, ఇప్పుడు పరవాలేదు. గాలితో కలిసి నోరంతా చిమ్మితేనే వాసన గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎక్కుతుంది.

ఒకసారి ముక్కు మూసుకుని కూడా గుటక వేయండి. ముక్కు మూసి ఉన్నంతసేపు చేదు, పులుపు, వగరు మాత్రమే తెలుస్తాయి. స్ట్రాబెర్రీ టీ, వెనిల్లా టీ రెండూ ఒకేలా ఉంటాయి. వేళ్లు వదిలిన మరుక్షణం ఫ్లేవర్ ముంచుకొస్తుంది. ఆ వచ్చింది ముక్కుకు తెలిసే వాసన, అంతకుముందున్నది నాలుకకు తెలిసే రుచి. పిల్లలతో ఈ ఆట ఆడండి, వాళ్లు పెద్దవాళ్లకంటే తొందరగా పట్టేస్తారు.

కప్పు పూర్తిగా ఖాళీ చేయొద్దు. సగం ఉంచి, పావుగంట తర్వాత చల్లారాక మళ్లీ చూడండి. వేడి కప్పేసిన దోషాలూ గుణాలూ అప్పుడే బయటపడతాయి.

8. మన మాటల్లో రాసుకోండి

మొదటి రెండు ఆదివారాలు నేను రాసింది తర్వాత చదివితే నవ్వొచ్చింది. ‘ఫ్లోరల్ నోట్స్’, ‘వుడీ’, ‘సిట్రస్’ అని డబ్బా మీద ఉన్నదే దించేశాను. ఆ మాటలు చదివితే నా నాలుకకు ఏ రుచీ గుర్తురాలేదు. మూడో వారం నుంచి వంటింటి మాటలే రాయడం మొదలుపెట్టాను.

మనకు ఇక్కడ కొదవలేదు. షడ్రుచుల్లో వగరు ఉంది చూడండి, టీ గురించి రాయడానికి అంతకు మించిన మాట దొరకదు. నాలుక బిగుసుకుని, బుగ్గలు లోపలికి లాక్కున్నట్టయ్యే ఆ గుణం చేదు కాదు, పులుపు కాదు. దాంట్లోనూ మెట్లు పెట్టుకోవచ్చు: జామకాయ వగరు, నేరేడు పండు వగరు, వక్క నమిలినప్పటి వగరు. నా పుస్తకంలో డార్జీలింగ్ జామకాయ దగ్గర, ఎక్కువసేపు నానిన సీటీసీ వక్క దగ్గర ఉన్నాయి.

వాసనలకూ అంతే. జపాన్ గెన్‌మాయ్చాలో గ్రీన్ టీతో పాటు వేయించిన బియ్యం ఉంటాయి. నేను రాసింది: ‘పేలాలు వేయిస్తున్న మూకుడు’. లాప్సాంగ్ సూచాంగ్‌కు: ‘కట్టెల పొయ్యి మీద కాచిన పాలు, పొగచూరిన వంటిల్లు’. ఆవిరి పట్టిన జపాన్ గ్రీన్ టీలకు: ‘తోటకూర ఉడుకుతున్న గిన్నె మూత తీసినట్టు, కాస్త నీచు’. చామొమైల్‌కు: ‘ఆపిల్ తొక్క, ఎండుగడ్డి’. మాడు, కమురు, పచ్చివాసన, ముక్కవాసన, కనరు, ఘాటు, కమ్మదనం, ఇవన్నీ మనం రోజూ వాడే మాటలే. ఒక్కొక్కటీ ఒక్కో పని చేస్తుంది. మాడుకీ కమురుకీ తేడా మీ ఇంట్లో ఎవరిని అడిగినా చెప్తారు.

మీ ఊరు కోనసీమ అయితే మీకు తట్టే పోలికలు వేరు, పాలమూరు అయితే వేరు. నావి ఎత్తి రాసుకోవద్దు.

9. పుస్తకంలో ఒక పేజీ ఎలా ఉండాలి

నా దాంట్లో పంతొమ్మిదో నంబరు ఇలా ఉంది.

నం. 19. ఎర్ల్ గ్రే. బ్లాక్ ఆకు, బెర్గమోట్ నూనె.
వచ్చింది: తోడికోడలు తెచ్చింది. తెరిచింది: మార్చి. మిగిలింది: 60 గ్రా.
2 గ్రా., 100 మి.లీ., 3 ని.
పొడి వాసన: దబ్బకాయ తొక్క గిల్లినట్టు.
తడి వాసన: దబ్బాకు. కొంచెం సబ్బు.
రుచి: ముందు పలచన, తర్వాత జామకాయ వగరు.
చల్లారాక: సబ్బు పోయింది, నారింజ తొక్క చేదు.
పాలతో: బాలేదు.
తీర్పు: ఉన్నంతవరకు తాగుతా.

మార్కులు వేయను. పదికి ఏడుకీ ఏడున్నరకీ తేడా వెతుక్కుంటూ కూర్చుంటే టీ చల్లారిపోతుంది. మూడే తీర్పులు: మళ్లీ కొంటా, ఉన్నంతవరకు తాగుతా, ఎవరికైనా ఇచ్చేస్తా. నోటుబుక్కు అయినా, ఫోన్లో ఎక్సెల్ షీట్ అయినా సరే. షీట్‌లో ఒక లాభం, తెరిచిన తేదీ ప్రకారం వరుస మార్చి ముందు ఏది ఖాళీ చేయాలో చూసుకోవచ్చు. తడిచేతులతో వంటింట్లో నిలబడి రాయడానికి మాత్రం నోటుబుక్కే.

‘పాలతో’ అనే గడి మనకు తప్పనిసరి. పాలు కలిస్తే వగరు తగ్గుతుంది, ఎందుకంటే టీలోని వగరు పదార్థాలు పాలలోని ప్రొటీన్‌ను పట్టుకుంటాయి. ఏలకుల టీ, మసాలా టీ, చాక్లెట్ టీలకు అది మేలే. మల్లె, పండ్ల టీలకు నష్టం. హైబిస్కస్ ఉన్నదాంట్లో పాలు పోయకండి, విరిగిపోతాయి. నేను పోశాను.

10. దాచడం

టీ ఆకుకు గాలి, తేమ, వెలుతురు, వేడి పడవు. అన్నిటికంటే పక్కవాళ్ల వాసన అస్సలు పడదు, వెంటనే పీల్చేస్తుంది. మల్లెపూల వాసన పట్టే ఆకుకు ఇంగువ వాసన పట్టదా? నా మల్లె టీ డబ్బా మూత సరిగా పడక, ఇంగువ డబ్బా పక్కన నెల్లాళ్లు ఉండి, చివరికి పోపు పెట్టిన మల్లెపూలయింది. పుస్తకంలో దాని తీర్పు గడి ఖాళీగానే ఉంది.

గాజు సీసాలు అందంగా ఉంటాయి కానీ వెలుతురు తగులుతుంది. బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బా మంచిది. పొయ్యి పైన ఉండే గూడు వద్దు. ఫ్రిజ్ కూడా వద్దు, తీసి పెట్టినప్పుడల్లా లోపల చెమ్మ పడుతుంది. మసాలా, పుదీనా, పొగ టీలను ఒక అరలో, పూల టీలను వేరే అరలో పెట్టండి. ఫ్లేవర్ పట్టించిన టీని తెరిచాక ఆరు నెలల్లో ముగించడం నేను పెట్టుకున్న నియమం. ఆకు ఇంకా బాగానే ఉంటుంది కానీ పైన పట్టించిన వాసన ముందుగా ఎగిరిపోతుంది.

11. ‘ఇచ్చేస్తా’ అన్నవాటిని ఏం చేయాలి

నిజంగానే ఇచ్చేయండి, అయితే తాగేవాళ్లకే. ఇంకొకరి అల్మరాలో నిద్రపోవడానికి కాదు. ఎవరూ తీసుకోని పండ్ల టీలను లీటరు చల్లటి నీళ్లలో 10 గ్రాములు వేసి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున వడకట్టండి. వేడి తగలదు కాబట్టి వగరు, చేదు తక్కువ దిగుతాయి. వాసన పోయిన ఏలకుల టీ రోజువారీ పొడిలో కలిసిపోతుంది. మరీ పాతబడ్డ ఆకు కరివేపాకు కుండీలోకి. టీ బ్యాగులైతే చించి, లోపలిది మాత్రమే వేయండి, చాలా బ్యాగుల్లో ప్లాస్టిక్ ఉంటుంది.

మా ఇంట్లో మూడు పెట్టెల హైబిస్కస్ టీ మిగిలింది. ఎవరూ ముట్టలేదు. ఎండాకాలం వచ్చాక 10 గ్రాములు అర లీటరు నీళ్లలో మరిగించి, వడకట్టి, బెల్లం, చిటికెడు ఉప్పు, కాస్త అల్లం రసం వేసి చల్లబరిచి ఇచ్చాను. మూడు పెట్టెలూ మే నెల దాటకుండా అయిపోయాయి. మావాళ్లు దానికి గోంగూర షర్బత్ అని పేరు పెట్టారు. పుస్తకంలో 24వ నంబరు దగ్గర పాత పేరు కొట్టేసి నేనూ అదే రాశాను.